ఒక్క గుడ్డు, ఏడాది సంసారం

జనవరి నెలలో అమలాపురంలో మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకి న్యూజిలాండ్ దక్షిణ కొసన పొద్దు గూకుతుంటుంది. అక్కడి గడియారం అప్పుడు మనకంటే ఏడున్నర గంటలు ముందుంటుంది. ఆ వేళ ఫోన్ తెరిచి చూస్తే గడ్డి వాలు మీద ఓ పెద్ద తెల్ల పక్షి కూర్చుని కనిపిస్తుంది. గాలికి గడ్డి ఊగుతుంది, పక్షి కదలదు. గంట పోయాక చూసినా అంతే, మర్నాడు చూసినా అంతే. మధ్యలో ఒకసారి లేచి, కడుపు కింద ఉన్నదాన్ని ముక్కుతో కాస్త సర్ది, మళ్లీ కూర్చుంటుంది. ఈమాత్రం దానికే దేశదేశాల జనం ఆ తెరకి కళ్లప్పగించి ఉంటారు.

ఆ చోటు పేరు టయారోవా హెడ్. డునెడిన్ నగరానికి దగ్గర్లో, ఒటాగో ద్వీపకల్పం చివర సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండకొమ్ము. మావోరీలు దాన్ని పుకెకురా అంటారు. ఆ పక్షి నార్తర్న్ రాయల్ ఆల్బట్రాస్. బరువు ఆరేడు కిలోలు ఉంటుంది. రెక్కలు చాపితే మూడు మీటర్లు, అంటే మనిషి బారకి ఒకటిన్నర రెట్లు. న్యూజిలాండ్ ప్రకృతి సంరక్షణ శాఖ 2016లో అక్కడ ఒక గూటి దగ్గర కెమెరా పెట్టి, రాత్రీ పగలూ ప్రత్యక్ష ప్రసారం మొదలుపెట్టింది. తర్వాత అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర సంస్థ దానితో చేయి కలిపింది.

కోనసీమ తీరాన ఈ పక్షి కనపడదు. అంతర్వేదిలోనూ లేదు, ఓడలరేవులోనూ లేదు, మొత్తం బంగాళాఖాతం వెతికినా దాని కాపురం దొరకదు. మరి మనకెందుకు? ఎందుకంటే ఈ పక్షి సంసారం తెలుగువాళ్లు వెయ్యేళ్లుగా చెప్పుకుంటున్న ఒక కథకి అచ్చమైన ఉదాహరణ. ఆ కథలోని వీరుడి పేరే మన గోదావరి పాయల్లో ఒకదానికి ఉంది. పి. గన్నవరం దగ్గర వసిష్ఠ నుంచి చీలి, అప్పనపల్లి మీదుగా సాగి, ఓడలరేవు దగ్గర సముద్రంలో కలిసే వైనతేయ పాయ. వైనతేయుడంటే వినత కొడుకు, గరుత్మంతుడు.

నన్నయ ఆదిపర్వంలోని కథ అందరికీ తెలిసిందే. భర్త కశ్యపుడు వరమిస్తే కద్రువ వెయ్యిమంది కొడుకుల్ని కోరింది, వినత ఇద్దర్ని చాలంది. అయిదు వందల ఏళ్లకి కద్రువ గుడ్లు పగిలి పాములు బయటికొచ్చాయి. తన రెండు గుడ్లూ కదలకపోయేసరికి వినతకి ఓపిక చచ్చి, ఒకదాన్ని పగలగొట్టేసింది. అందులోంచి నడుము కిందిభాగం రూపుకట్టని అనూరుడు వచ్చి, రెండోదాన్నయినా వేచి ఉండి కాపాడుకోమని తల్లికి చెప్పి సూర్యుడి రథసారథిగా వెళ్లిపోయాడు. మరో అయిదు వందల ఏళ్లు ఆగితే గరుత్మంతుడు పుట్టాడు.

జీవశాస్త్రంలో సంతానం గురించి మాట్లాడేటప్పుడు సరిగ్గా ఈ ఇద్దరు సవతుల లెక్కే వస్తుంది. ఏ ప్రాణికైనా ఒంట్లో ఉన్న శక్తి పరిమితం. దాన్ని వెయ్యి గుడ్లకి తలాకాస్త పంచి వదిలేయవచ్చు, లేదా ఒకదాని మీదే మొత్తం పెట్టవచ్చు. రెండూ చేయడం కుదరదు.

కద్రువ దారి చూడాలంటే కోనసీమ తీరమే చాలు. చలికాలం చివర్లో, జనవరి నుంచి మార్చి దాకా, రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుక మీదికి ఎక్కుతాయి. సఖినేటిపల్లి నుంచి గోదావరి ముఖద్వారం దగ్గరి సేక్రమెంటో దీవి దాకా ఈ తీరంలో ఇవి గుడ్లు పెడతాయి. ఆడతాబేలు వెనక కాళ్లతో గొయ్యి తవ్వి, నూరుకి అటూ ఇటూగా గుడ్లు జారవిడిచి, ఇసుక కప్పి, ఒంటి బరువుతో దాన్ని దిమ్మిసకొట్టి సముద్రంలోకి వెళ్లిపోతుంది. పిల్లల మొహం అది ఎన్నడూ చూడదు. పొదిగే పని ఇసుకది. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు బయటపడతాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి. నక్కలు, కుక్కలు, కాకులు, పీతలు, ఆ తర్వాత చేపలు తినగా మిగిలినవే పెద్దవవుతాయి. వెయ్యింటికి ఒకటి బతికితే గొప్ప అని అంటుంటారు. అటవీశాఖ వాళ్లు గుడ్లు ఏరి కంచె వేసిన చోట పాతిపెట్టి, పిల్లల్ని సముద్రంలోకి వదలడం ఈ లెక్కని కాస్త మెరుగుపరచడానికే.

వినత దారి చూడాలంటే ఆ కెమెరా ముందు కూర్చోవాలి.

నవంబరులో ఒకే ఒక్క గుడ్డు. అది పగిలిపోతే ఆ ఏడు ఇంకోటి పెట్టడం ఉండదు. ఎనభై రోజుల దాకా తల్లీ తండ్రీ వంతులేసుకుని పొదుగుతాయి. ఒకటి గూట్లో ఉంటే రెండోది సముద్రం మీద ఉంటుంది. ఒక్కో వంతు రెండు మూడు రోజులు కావచ్చు, వారం పది రోజులూ కావచ్చు. కూర్చున్నదానికి అన్నాళ్లూ తిండి ఉండదు. ఒంట్లోని కొవ్వు కరుగుతుంటుంది. వెళ్లినది తిరిగి వచ్చినా కూర్చున్నది వెంటనే లేవదు. కాసేపు ఒకదాని మెడ ఒకటి ముక్కుతో సవరించుకుంటాయి. కొన్నిసార్లు కూర్చున్నది తన వంతు అయిపోయినా లేవనంటుంది, వచ్చినది దాన్ని పక్కకి నెట్టుకుంటూ చోటు చేసుకుంటుంది. తెర మీద చూడ్డానికి నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే.

జనవరి చివర్లో గుడ్డు లోపలినుంచి చిట్లడం మొదలవుతుంది. మొదటి పగులు నుంచి పిల్ల బయటపడడానికి ఐదారు రోజుల దాకా పడుతుంది. వినతలాగా తొందరపడి పెంకు వలిచేయడానికి లేదు. ఆ రోజుల్లోనే లోపలి పిల్ల పచ్చసొన మిగులుని కడుపులోకి లాక్కుంటుంది, పొరల్లోని నెత్తురు ఒంట్లోకి తీసుకుంటుంది, ఊపిరి పీల్చడం నేర్చుకుంటుంది. ముందే తెరిస్తే నెత్తురోడి చస్తుంది. అయితే ఆ ఐదారు రోజులే పెద్ద గండం కూడా. అక్కడ అప్పుడు వేసవి కావడంతో ఈగలు ఆ పగులు మీద వాలి గుడ్లు పెడతాయి, పురుగులు పిల్లని పుట్టకముందే తినేస్తాయి. అందుకని పగులు కనిపించగానే సంరక్షణ శాఖ సిబ్బంది గుడ్డుని తీసి ఇంక్యుబేటర్‌లో పెట్టి, దాని స్థానంలో ఉత్తుత్తి గుడ్డు ఉంచుతారు. తల్లో తండ్రో దాన్నే శ్రద్ధగా పొదుగుతుంటే, పిల్ల పుట్టి ఆరిన తర్వాత తెచ్చి దాని కింద పెడతారు. అది ఏమీ జరగనట్టే స్వీకరిస్తుంది.

ఇంత జోక్యం అవసరమా అని అడిగేవాళ్లున్నారు. కొన్ని గద్దల గూళ్ల దగ్గర కెమెరాలు పెట్టినవాళ్లు ఏం జరిగినా చేయి పెట్టం అంటారు. టయారోవా లెక్క వేరు. ఈ జాతిలో అత్యధిక భాగం దూరాన ఛాథమ్ దీవుల్లో గూళ్లు కడుతుంది. ఈ కొండకొమ్ము మీద ఉన్నది చిన్న గుంపు. పైగా గూళ్ల మీద పడే పిల్లులు, స్టోట్ అనే ముంగిసలాంటి జంతువులు మనుషులు ఓడల్లో తెచ్చి వదిలినవే. మనిషి చేసిన నష్టాన్ని మనిషి పూడుస్తున్నాడు. అంచేత అక్కడ బోనులు పెడతారు, ఎండ ముదిరితే గూళ్ల మీద నీళ్లు చల్లుతారు, మంగళవారం మంగళవారం పిల్లల్ని తూకం వేస్తారు, బరువు తగ్గినదానికి చేపలు తినిపిస్తారు. నాకైతే ఇందులో తప్పు కనిపించదు.

పుట్టిన ఐదు వారాల దాకా ఎవరో ఒకరు పిల్లని కాచుకుని ఉంటారు. ఆ తర్వాత ఒక రోజు ఇద్దరూ ఎగిరిపోతారు. కొత్తగా చూసేవాళ్లు కంగారుపడేది అప్పుడే. తెల్లని నూగుతో ఉన్న పిల్ల ఒక్కత్తే కొండ మీద, వానలో, గాలిలో. తల్లి వదిలేసిందేమో అనిపిస్తుంది. నిజానికి పెంపకం ముమ్మరమయ్యేది అప్పటినుంచే. పిల్లకి ఇప్పుడు ఒంటి వేడి తనే నిలుపుకోగల శక్తి వచ్చింది. తిండి అవసరం ఒకరి సంపాదనతో తీరేది కాదు. ఇద్దరూ వేటకి వెళ్లక తప్పదు. కొన్ని రోజులకోసారి ఒకరు దిగి, పిల్ల తన ముక్కుని అడ్డంగా తమ ముక్కులో పెట్టగానే కడుపులోంచి స్క్విడ్లు, ఆక్టోపస్‌లు, చేపలు, వాటితోపాటు చిక్కని నూనె కక్కి పోస్తారు.

ఆ నూనెలోనే కిటుకంతా ఉంది. వందల కిలోమీటర్ల అవతల పట్టిన వేటని పచ్చిగా మోసుకురావాలంటే అందులో సగానికి పైగా నీళ్ల బరువే. ఆల్బట్రాస్ కడుపు ముందు అర నీటిని, మాంసాన్ని అరిగించి పంపేస్తూ, కొవ్వుని మాత్రం నిలబెట్టుకుంటుంది. తక్కువ బరువులో ఎక్కువ బలం మోయవచ్చు. పిల్లకి అందేది అదే. దాంతో అక్కడి చలికాలానికల్లా పిల్ల కన్నవాళ్ల బరువుని దాటిపోతుంది. రోజుల తరబడి ఎవరూ రాకపోయినా తట్టుకోవడానికి, ఆ పైన మూడు మీటర్ల రెక్కలకి ఈకలు మొలిపించుకోవడానికి ఆ కొవ్వు పెట్టుబడి.

జూన్‌లో మన పొద్దున పదిన్నరకే అక్కడ పొద్దు గూకుతుంది. ఆ నెలల్లో కోనసీమనుంచి పగటిపూట చూసేవాళ్లకి రాత్రి కెమెరా చూపే నలుపు తెలుపుల బొమ్మే దిక్కు. పిల్ల గడ్డి పీకి పక్కన పెట్టుకుంటూ, కొన్నాళ్లకి గూడు మార్చి మరో చోట గూడు కట్టుకుంటూ కాలక్షేపం చేస్తుంటుంది. ఎవరూ నేర్పలేదు.

ఇంత దూరం పోయి తిండి తేగలగడం ఎలా సాధ్యం? ఏడు కిలోల పక్షి రెక్కలాడిస్తూ అంత సముద్రం తిరగాలంటే తెచ్చే తిండికంటే ఖర్చయ్యేదే ఎక్కువవుతుంది. అందుకే అది రెక్కలాడించదు.

ఈ చిక్కుముడి విప్పినవాడు ఇంగ్లండ్ భౌతికశాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ. తమాషా ఏమిటంటే ఆయన దృష్టి ఇటు మళ్లడానికి మన దేశమే కారణం. అస్సాం టీ తోటల్లో ఉండే పీల్ అనే దొర, అక్కడి గూడబాతులు, బెగ్గురు కొంగలు రెక్క కదపకుండా చక్కర్లు కొడుతూ పైకి పోవడం చూసి నేచర్ పత్రికకి రాశాడు. 1883లో రేలీ దానికి జవాబు రాస్తూ, రెక్కలాడించని పక్షి గాల్లో నిలిచి ఉందంటే మూడింట్లో ఒకటి నిజమై ఉండాలన్నాడు: అది కొద్దికొద్దిగా కిందికి జారుతుండాలి, లేదా గాలి పైకి వీస్తుండాలి, లేదా గాలి వేగం ఎత్తుని బట్టి మారుతుండాలి. మన తేలినీలాపురం, నేలపట్టు, కొల్లేటి ఆటపాక గూడబాతులు వాడుకునేది రెండోదాన్ని. ఎండకి వేడెక్కిన నేల మీదనుంచి లేచే గాలి వాటిని ఎత్తుతుంది. ఆల్బట్రాస్‌ది మూడోది.

సముద్రం మీద గాలి అలలకి రాసుకుని నీటి దగ్గర నెమ్మదిస్తుంది, పది పదిహేను మీటర్ల పైన జోరుగా ఉంటుంది. పక్షి గాలికి ఎదురుగా ముక్కు పెట్టి పైకి లేస్తుంది. లేచేకొద్దీ ఎదురుగాలి బలపడి రెక్కకి ఊతం పెరుగుతుంది. పైన మలుపు తిరిగి గాలివాటాన కిందికి దూకుతుంది, ఆ వేగంతో అల అంచున మళ్లీ మలుపు తిరిగి పైకి లేస్తుంది. ఒక్కో చుట్టుకి ఆ రెండు గాలుల మధ్య తేడాలోంచి కాస్త శక్తి పిండుకుంటుంది. చాచిన రెక్కని పట్టి ఉంచడానికి భుజంలో ప్రత్యేకమైన స్నాయువు ఉంది, కండరానికి శ్రమ ఉండదు. ఫ్రాన్స్ శాస్త్రజ్ఞుడు ఆన్రీ వైమర్‌స్కర్ష్ బృందం పెద్ద జాతి ఆల్బట్రాస్‌లకి గుండె వేగం కొలిచే పరికరాలు కట్టి, 2000లో ఆ ఫలితం ప్రకటించింది. గాలిలో తేలేటప్పుడు వాటి గుండె దాదాపు విశ్రాంతిగా కూర్చున్నప్పటిలాగే కొట్టుకుంటోంది. నేల మీదనుంచి, నీటి మీదనుంచి లేవడమే వాటికి అసలు కష్టం.

బంగాళాఖాతంలో ఇవి ఎందుకు లేవో కూడా ఇక్కడే తెలుస్తుంది. భూమధ్యరేఖ దగ్గర గాలి చచ్చుబడి ఉండే మండలం ఉంది. రెక్కలాడించని పక్షికి అది దాటరాని గోడ. దక్షిణ మహాసముద్రాల్లో నిరంతరం పడమటి గాలి హోరు కాబట్టి అక్కడ భూమి చుట్టూ తిరిగి రాగలదు. మన తుఫానుల జోరు ఏడాదికి నాలుగు రోజుల ముచ్చట, దాన్ని నమ్ముకుని ఏ ఆల్బట్రాసూ కాపురం పెట్టదు.

వేటని వెతకడానికి దానికి కళ్లతోపాటు ముక్కు కూడా ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన గాబ్రియెల్ నెవిట్, వైమర్‌స్కర్ష్ తదితరులతో కలిసి 2008లో ప్రకటించిన పరిశోధన ప్రకారం ఆల్బట్రాస్ ఇరవై కిలోమీటర్ల దూరంనుంచి కూడా ఆహారం వాసన పసిగట్టగలదు. గాలికి అడ్డంగా ఎగురుతూ, వాసన తగలగానే ఎదురుగాలికి మళ్లుతుంది.

సెప్టెంబరు వచ్చేసరికి పిల్ల గాలి వీచిన రోజల్లా రెక్కలు చాపి అడుగు ఎత్తు లేచి దిగుతుంటుంది. ఒక రోజు దిగదు. తల్లి, తండ్రి పక్కన ఉండి సాగనంపడం ఏమీ లేదు. కొన్నిసార్లు పిల్ల వెళ్లిపోయిన తర్వాత కడుపునిండా తిండితో వచ్చి ఖాళీ గూడు చూసుకుని వెళ్లే పక్షులూ ఉన్నాయి. పిల్ల పసిఫిక్ దాటి దక్షిణ అమెరికా తీరానికి చేరుతుంది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు నేల మీద కాలు పెట్టదు. నాలుగైదేళ్లకి, తను పుట్టిన ఆ కొండకొమ్మునే వెతుక్కుంటూ వస్తుంది. అన్నేళ్లు గాల్లో గడిపినదానికి నేల మీద దిగడం చేతకాదు. 2021లో ఒక పక్షి కెమెరా ఎదుటే, గూట్లో ఉన్న పిల్ల ముందు, బొక్కబోర్లా పడి దొర్లిన దృశ్యం లోకమంతా చూసి నవ్వుకుంది. జత కుదిరి గుడ్డు పెట్టడానికి ఇంకా కొన్నేళ్లు. ఒక పిల్లని పెంచడానికి దాదాపు ఏడాది పడుతుంది కాబట్టి, పెంచి పంపిన జంట మరుసటి ఏడు గుడ్డు పెట్టదు. రెండేళ్లకి ఒక్క పిల్ల.

ఇంత నెమ్మది సంసారం నిలబడాలంటే ఆయుష్షు ఉండాలి. ఉందని తెలిసింది కూడా ఈ కొండ మీదే. 1930ల్లో ఇక్కడ పెట్టిన గుడ్లని జనం ఎత్తుకుపోయేవారు, కుక్కలు తినేవి. డునెడిన్‌లో బడిపిల్లలకి ప్రకృతి పాఠాలు చెప్పే లాన్స్ రిచ్‌డేల్ అనే మాస్టారు గూటి పక్కనే గుడారం వేసుకుని కాపలా కాశాడు. 1938లో ఇక్కడినుంచి మొదటి పిల్ల క్షేమంగా ఎగిరింది. కెమెరా లేని రోజుల్లో కెమెరా ఆయనే అనుకోండి. 1937లో ఆయన ఒక పెద్ద పక్షి కాలికి కడియం వేశాడు. అది ఏళ్ల తరబడి వస్తూనే ఉంది. గ్రాండ్‌మా, అంటే అమ్మమ్మ అని పేరు పడింది. చివరిసారి 1989లో కనిపించింది. అప్పటికి దాని వయసు అరవై దాటిందని అంచనా. పసిఫిక్ మధ్యలోని మిడ్వే దీవిలో విజ్డమ్ అనే లేసన్ ఆల్బట్రాస్ ఆ రికార్డుని ఎప్పుడో దాటేసింది. 1956లో చాండ్లర్ రాబిన్స్ కడియం వేసిన ఆ పక్షి, 2024 నవంబరులో, కనీసం 74 ఏళ్ల వయసులో, మళ్లీ గుడ్డు పెట్టింది.

కెమెరా చూపించనిది సముద్రం. పక్షి తెర దాటగానే దాని బతుకు మన చూపు దాటిపోతుంది, చావు ఉన్నది అక్కడే. ట్యూనా లాంటి చేపల కోసం ఓడలు కిలోమీటర్ల పొడవున వేలకొద్దీ గాలాలున్న తాళ్లు వదులుతాయి. నీట మునిగేలోపు ఎరని అందుకోబోయిన ఆల్బట్రాస్ గాలానికి చిక్కి తాడుతోపాటు మునిగిపోతుంది. అలా పోయేది ఒక్క పక్షే కాదు. గూట్లో పిల్లకి సగం తిండి ఆగిపోతుంది, జత పోయిన పక్షికి మరో తోడు కుదరడానికి ఏళ్లు పడుతుంది, ఆ లోపు గుడ్లు లేవు. మందు కనిపెట్టలేనిదేమీ కాదు. తాళ్లకి బరువులు కట్టి త్వరగా మునిగేలా చేయడం, రాత్రిపూట వదలడం, పక్షుల్ని బెదరగొట్టే రంగు పీలికలు ఓడ వెనక కట్టడం. ఈ మూడూ కలిపి పాటించిన చోట చావులు బాగా తగ్గాయి.

ఇప్పుడు మళ్లీ కద్రువ దగ్గరికి వద్దాం. నూరు గుడ్లు పెట్టే తాబేలుకి ఒకటి పోతే లెక్కేమిటి అనిపిస్తుంది. ఇక్కడే పొరబడతాం. పిల్లలు చావడం తాబేలు లెక్కలో ముందే ఉంది. పెద్దది చావడం ఆ లెక్కలో లేదు. ఆలివ్ రిడ్లే ఈడుకి రావడానికి పదేళ్లకి పైనే పడుతుంది. బతికి బట్టకట్టిన ఆ కొద్ది ఆడతాబేళ్లు ఏళ్లపాటు వచ్చి గుడ్లు పెడితేనే ఆ వెయ్యింటికొక్కటి లెక్క కుదురుతుంది. కద్రువైనా వినతైనా పెట్టుబడి తీరు వేరు కానీ, తల్లి పోతే నష్టం ఒక్కటే.

ఆ తల్లులు కోనసీమ ఒడ్డున చచ్చి తేలడం చలికాలంలో మనం చూస్తున్నదే. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే ప్రాణి, మధ్యమధ్య పైకి రావాలి. గంటల తరబడి లాగే ట్రాలు వలలో పడితే పైకి రాలేక ఊపిరాడక పోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్ల వేట నిషేధం ఉంది. అది ప్రధానంగా చేపల సంతానోత్పత్తి కోసం పెట్టినది. అది మొదలయ్యేసరికి ఆడతాబేళ్లలో ఎక్కువ భాగం గుడ్లు పెట్టేసి ఉంటాయి. కాబట్టి జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో వాటిని కాపాడేది నిషేధం కాదు, వలలోని ఏర్పాటు. వల సంచి ముందు ఇనప కమ్మీల చట్రం, దానిపైన తాబేలు తప్పించుకునే కంత. చేపలూ రొయ్యలూ కమ్మీల మధ్యనుంచి సంచిలోకి పోతాయి, తాబేలు కంతలోంచి బయటపడుతుంది. కంతలోంచి కొన్ని చేపలు కూడా పోతాయని వేటగాళ్లు చెప్పేది అబద్ధం కాదు. ఆ నష్టాన్ని వాళ్ల ఒక్కళ్ల నెత్తిన రుద్దకుండా ప్రభుత్వం భరించడమే న్యాయం.

ఆల్బట్రాస్ గూడు చూడాలనుకుంటే నవంబరునుంచి మొదలుపెట్టండి, సెప్టెంబరు దాకా ఓపిక పట్టండి. తాబేలుని చూడాలనుకుంటే ఫిబ్రవరి రాత్రి ఓడలరేవు, అంతర్వేది ఇసుక మీదికి వెళ్లండి. టార్చి, ఫోన్ లైటు వేయకండి, ఫ్లాష్ కొట్టకండి. ఎక్కుతున్న తాబేలుకి ఎదురెళ్లకండి, వెలుగు చూస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లుతుంది. వెంట కుక్కని తీసుకెళ్లకండి. ఇసుక మీద ట్రాక్టరు చక్రాల జాడలాంటి గుర్తు కనిపిస్తే గొయ్యి తవ్వి చూడకుండా దగ్గరి అటవీ సిబ్బందికి చెప్పండి.